సీలు తీయని డబ్బా

“బేటా, దాని బ్యాటరీ జర చూపిస్తవా?”

అమరేందర్ తల ఎత్తాడు.

దేవరకొండలోని ఫంక్షన్ హాల్ గేటు దగ్గర అతను డ్రోన్ సిద్ధం చేసుకుంటున్నాడు. లోపల చెల్లెలు ప్రణీత పెళ్లి. డ్రోన్ కింద సన్నటి మల్లెదండ కట్టాడు. గేటు నుంచి ఎగిరి వెళ్లి స్టేజీ మీదున్న పెళ్లికూతురి చేతికి అది దండ అందించాలి. ఊళ్లో ఏ పెళ్లికైనా అతన్ని పిలిచేది ఇందుకే.

ఎదురుగా బురఖాలో ఒక పెద్దావిడ. చేతిలో గుడ్డసంచి.

“ఎవరమ్మా నువ్వు? పిలగాని దిక్కోళ్లా?”

“కాదు. నీ ఫోటో స్టూడియోకు పోతె ఈడున్నవన్నరు. ముందు బ్యాటరీ చూపియ్యి.”

అడిగినట్టు లేదు. గద్దించినట్టుంది.

అతను విసుగ్గానే డ్రోన్ వెనక్కి తిప్పాడు. బ్యాటరీ మధ్యలో ఉబ్బింది. గాడిలో సరిగ్గా కూర్చోవడం లేదు. ఊడిపోకుండా రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి.

ఆమె ఆ ఉబ్బు మీద వేలు పెట్టి, వెంటనే తీసేసింది.

“గిది కంపెనీది కాదు. ఎగరేస్తుంటే ఫోన్ల ఎర్ర అక్షరాలు వస్తలేవా?”

“వస్తయి. పట్టించుకోవద్దని అమ్మినాయనే చెప్పిండు. ఏడాది సంది ఎగరేస్తున్న, ఏమైంది?”

ఆమె సంచిలోంచి ఒక డబ్బా తీసింది. కంపెనీది. సీలు కూడా తీయలేదు.

“గిది తీసుకో. అది నాకియ్యి.”

“ఎంతకు?”

“ఏమొద్దు.”

అమరేందర్ పెద్దగా నవ్వాడు.

“పాడైందని నువ్వే అంటివి. దాన్ని తీసుకొని కొత్తది ముఫత్‌గ ఇస్తవా? నా మొఖం మీద పిచ్చోడని రాసుందా అమ్మా?”

గొడవ విని తండ్రి శ్రీశైలం వచ్చాడు.

“ఏం లొల్లిరా? ముహూర్తం దగ్గరవడ్డది.”

“చూడు బాపూ, ఎవ్వరో ఏందో, కొత్త బ్యాటరీ దానం చేస్తదట!”

శ్రీశైలం ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

“బువ్వకోసమైతే చెప్పు తల్లీ. కడుపునిండ తిని పో. గీ వేషాలెందుకు?”

ఆమె ముఖం కందిపోయింది.

“బువ్వకు రాలే నేను! మొదటి బస్సుకు నల్లగొండ నుంచి వచ్చిన. మనుషుల నెత్తి మీద నిప్పు తిప్పుతరా? ఆ పెళ్లిపిల్ల నీకేమైతది?”

“నా చెల్లె. నాకు లేని ఫికర్ నీకెందుకు?”

“నాకు తెల్సు కాబట్టి!”

“ఎట్ల తెల్సు? గది చెప్పు.”

ఆమె డబ్బాను అతని చేతిలో పెట్టబోయింది. అమరేందర్ తీసుకోలేదు.

“నేను చెప్త విను. గిది నల్లగొండల రియాజన్న దగ్గర కొన్న. సొంత తమ్మునిలెక్క చూస్తడు నన్ను. అసలు దానికి దీనికి తేడా లేదని తల్లి మీద ఒట్టేసి ఇచ్చిండు. గసుంటోని మాట ఇనాల్నా, ఎవ్వరో తెల్వని నీ మాట ఇనాల్నా?”



ఆమె ఉన్నట్టుండి వంగి, రబ్బరు బ్యాండ్లు పట్టుకుని బ్యాటరీని లాగబోయింది.

అమరేందర్ ఆమె చెయ్యి విదిలించాడు. వాచ్‌మన్ దుర్గయ్య ఆమెను భుజం పట్టి బయటికి నడిపించి గేటు వేశాడు. సంచి, డబ్బా లోపలే పడిపోయాయి.

ఊచల బయటినుంచి ఆమె అరుస్తూనే ఉంది. బ్యాండు మేళంలో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు.

పదకొండు గంటలకు డ్రోన్ లేచింది.

అందరూ ఫోన్లు పైకెత్తారు. అమరేందర్ ఫోన్‌లో ఎర్ర అక్షరాలు వచ్చాయి. బొటనవేలితో పక్కకు నెట్టేశాడు. ఛార్జింగ్ అరవై రెండు శాతం చూపిస్తోంది.

స్టేజీ మీదికి రాగానే అరవై రెండు కాస్తా సున్నా అయింది.

రెక్కలు ఆగిపోయాయి. సన్నగా పొగ వచ్చింది. అన్న డ్రోన్ పగిలిపోతుందని ప్రణీత మైదాకు పెట్టుకున్న చేతులు రెండూ చాపి దాన్ని పట్టుకుంది.

ఆ చేతుల్లోనే అది భగ్గుమంది.

దవాఖానలో ప్రణీత రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు కట్టారు. పెళ్లి జాకెట్టు తనే కుట్టుకున్న చేతులవి. వేళ్లు మళ్లీ ముడుచుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టర్.

 శ్రీశైలం గేటు దగ్గర దొరికిన సంచినీ డబ్బానూ కొడుకు ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

సీలు తీయని డబ్బాను చూస్తుంటే అమరేందర్‌కు ఒళ్లు మండిపోయింది. వరండాలోకి వచ్చి రియాజ్ నంబరు నొక్కాడు.

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

“రియాజ్! తల్లి మీద ఒట్టేసి నిప్పు అమ్మినవ్ కదరా! ఏ తల్లి మీద ఒట్టేసినవో ఆ తల్లిని పట్టుకరా! నా చెల్లె చేతులు ఆమెకు చూపిస్త!”

అవతల ఆడగొంతు పలికింది.

“రియాజ్ లేడు బేటా. పోయిన రంజాన్‌ల దుకాణంల గసుంటి బ్యాటరీయే పేలి పాణం ఇడిసిండు. వాడు అమ్మినయన్నీ వాపస్ తెస్తున్న. ఫోన్ చేస్తే ఎవ్వరు నమ్ముతలేరు. ఇంటింటికి పోతున్న. నీదొక్కటే మిగిలె.”

గొంతు పొద్దున్నదే.



“వాని తల్లిని రమ్మంటివి గద బేటా,” అందామె. “పొద్దుగాలనే వచ్చిన.”