ఒరిజిన్ చీటీ

"పిన్నీ, ఈ చీటీ మీద ఒరిజిన్ అంటే ఏంటి?" అట్టపెట్టెను ముందుకు తోస్తూ అడిగింది, పరాయి దేశంలో ఈ ప్యాకింగ్ పనికి కొత్తగా వచ్చిన అక్క కూతురు.

"సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పేది. అది లేకపోతే పెట్టె గేటు దాటదు."

"మరి మనం?"

"మన పాస్‌పోర్టులు ఓనరు బీరువాలో ఉన్నాయిగా. అడిగినప్పుడల్లా రేపంటాడు. నోరు మూసుకుని అంటించు."

పిల్ల ఊరుకోలేదు. "సరుకు బాగాలేదని అవతలివాళ్ళు తిప్పికొడితే?"

"చీటీ మీదున్న చోటికే వెనక్కి పంపేస్తారు."

"అయితే పనికిరానిదాన్ని ఇంటికి పంపేస్తారన్నమాట!"

తొమ్మిదేళ్ళలో ఒక్క చీటీ కూడా వంకర పోనివ్వని పిన్ని చెయ్యి ఆగిపోయింది. ఓనరు గది వైపు ఒకసారి చూసింది.

తర్వాతి చీటీని తలకిందులుగా అంటించి, అరచేత్తో గట్టిగా అదిమింది.