రంగూన్ కుర్మయ్య పేరు

భాగోతం బడి మూసేస్తున్నారని తెలిసి, జమ్ములమ్మ మగ్గం గుంటలోంచి లేచి చంకలో మూటతో పరుగున వచ్చింది. గురువు గజ్జెలను పెట్టెలో సర్దుతున్నాడు.

"ఏంది పంతులు, పిల్లలను ఇంటికి పంపినవంట? ఈ గజ్జెలు ఎలుకలకు కడ్తవా?"

"రంగూన్ మీద బాంబులు పడ్డప్పటి సంది నీ కొడుకు పైసలు అందుతలేవు అవ్వా. బడి ఎట్ల నడవాలె?"

రంగూన్ మిల్లులో పనిచేసే కుర్మయ్య, తాను ఆడి పాడిన ఈ గద్వాల బడికి నాలుగేళ్లు డబ్బు పంపాడు. ప్రతి ఆటలోనూ హాస్యగాడు పాట ఆపి, "రంగూన్ కుర్మయ్య నూరేండ్లు సల్లంగుండాలె!" అని కేకవేసేవాడు. ఆ కేక కోసమే జమ్ములమ్మ ముందు వరుసలో కూర్చునేది.

ఆమె మూట విప్పింది. ఎర్రంచు పట్టుచీర.

"వాని పెండ్లికని నేసిన. ఇది అమ్మి బడి నడిపియ్యి."

గురువు చీరను వెనక్కి జరిపాడు. "దాచుకో అవ్వా. కలకత్తా నుంచి వాని దోస్తు రాసిన కాయితం మొన్న సదివి చెప్పిన గద, మంచిగున్నడని. లడాయి అయిపోంగనె వస్తడు."

"నాకు అచ్చరం ముక్క రాదు. నీకు అబద్ధమాడనీకె రాదు పంతులు. ఇన్నేండ్లు రాజుల వేషం కట్టినవ్, గా ఒక్క కాయితం సదవంగ గొంతు వణికె."

గురువు తలవంచుకున్నాడు.

జమ్ములమ్మ చీరను గజ్జెల మీద పెట్టింది.

"ఆట నాడు వాని పేరు పిలిపియ్యి. నూరేండ్లని మాత్రం అనిపియ్యకు."