పెద్ద మందు

"మీ మందులకి తగ్గకపోతే ఇది వేసి చూడండి డాక్టరమ్మా." కోళ్లఫారం ఆయన సంచిలోంచి పొడి డబ్బా తీశాడు. "పెద్ద మందు. మా షెడ్డులో దీనికి లొంగని రోగం లేదు."

ఆసుపత్రి మంచం మీద అతని భార్య జ్వరంతో మూలుగుతోంది. షెడ్డు కడుగుతుంటే జాలీ తీగ గీరుకున్న చెయ్యి మోచేతిదాకా వాచి నల్లబడింది.

డాక్టరమ్మ డబ్బా మీద పేరు చదివి, సెలైన్ సీసా వైపు చూసింది.

"నిన్నటినుంచి ఎక్కిస్తున్నది ఇదే మందు. దీన్ని మించిన మందు మా దగ్గర లేదు. ఆ పుండులో క్రిములు దీన్ని లెక్కే చెయ్యడం లేదు. మీ కోళ్లకి ఏ జబ్బని వేశారు?"

"జబ్బేం లేదండీ. రాకుండా ఉంటుందని రోజూ నీళ్లలో కలుపుతాం. కలిపేది ఈవిడే."

"రోజూ కోళ్లకి తాగించి మీరే ఆ క్రిముల్ని రాటుదేల్చారు."

అతను డబ్బా మెల్లగా సంచిలో పెట్టుకున్నాడు. అంతలో ఫారం నుంచి తమ్ముడి ఫోన్.

"అన్నయ్యా, కోళ్లు మెడలు వాల్చేస్తున్నాయి. మందు రెట్టింపు కలపనా?"

భార్య కళ్లు తెరిచి అతనివైపే చూస్తోంది. అతను గోడవైపు తిరిగాడు.

"కలుపు. అవైనా దక్కుతాయేమో."