ఎనభైతొమ్మిదో సంవత్సరం పుస్తకం

"ముసలాయన మళ్ళీ వచ్చాడు. ఇవాళ నిన్ను పెళ్ళి అడుగుతాడేమో," అన్నాడు పక్క స్కానర్ దగ్గర కూర్చున్న ఒపిగే.

స్కోవియా తల ఎత్తలేదు. పొద్దుటినుంచి నలభై పేజీలయ్యాయి. మెడ పట్టేసింది.

జిల్లా కార్యాలయంలోని పాత జనన రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. పుస్తకం అద్దం మీద బోర్లించాలి, మూత వెయ్యాలి, మీట నొక్కాలి. తర్వాత ఒక్కో పేరూ చదివి టైపు చెయ్యాలి. మళ్ళీ ఇంకో పేజీ. మొత్తం పదకొండు పుస్తకాలు. ఇంకా నాలుగోదే నడుస్తోంది.

ముసలాయన ఒబ్వోనా చేతికర్ర గోడకి ఆనించి, స్కోవియా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఎనభైతొమ్మిదో సంవత్సరం పుస్తకం వచ్చిందా తల్లీ?"

"నిన్నే చెప్పానుగా పెద్దాయనా. వరసలో వస్తుంది."

"ఆ బీరువాలోనే ఉంటుంది. ఒక్క పేరు చూసుకుని పోతాను."

"జనన పత్రం కావాలా?"

"పత్రమేం వద్దు. చూస్తే చాలు."

"వచ్చినవాళ్ళందరూ ఒక్క పేరే అంటారు. అందరికీ తీసి చూపిస్తూ కూచుంటే ఇది ఎప్పటికి తెమిలేది?"

ఆయన స్కానర్ వైపు తిరిగాడు. మూత అంచునుంచి జారిపోతున్న వెలుతురునే చూస్తూ నిలబడ్డాడు.

"లోపల ఏం చేస్తుందమ్మా అది?"

"కాగితం కింద దీపం పాకుతుంది. తెల్లచోట వెలుతురు వెనక్కొస్తుంది. సిరా ఉన్నచోట అంతగా రాదు. ఆ తేడాని గీత తర్వాత గీత కొలిచి, అంకెలు చేసి కంప్యూటరుకి పంపుతుంది. అక్కడ మళ్ళీ పేజీ బొమ్మ తయారవుతుంది."

"సిరా వెలిసిపోతే?"

"కాస్త మిగిలినా పట్టుకుంటుంది. మన కళ్ళకంటే నయం."

"మంచిది," అన్నాడాయన. "అయితే ఇంక వాళ్ళెవరూ పోరు."

ఆ మాట స్కోవియాకి అర్థం కాలేదు. అడిగే ఓపికా లేదు.

గురువారం వానలో తడుస్తూ వచ్చాడు. కాగితంలో చుట్టిన వేయించిన వేరుశనక్కాయలు బల్ల మీద పెట్టాడు.

"పై మంగళవారం రండి," అంది స్కోవియా. "అప్పటికి చూద్దాం."

"మంగళవారం," అని తనలో తను అనుకుంటూ వెళ్ళిపోయాడు.

మంగళవారం రాలేదు. బుధవారమూ రాలేదు. ఒక గొడవ తగ్గిందనుకుంది స్కోవియా.

శుక్రవారం, వీపున పసిపిల్లని కట్టుకున్న ఒకావిడ వచ్చింది.

"చావు నమోదు చేయించాలి. మా చిన్నాన్న, ఒబ్వోనా. సోమవారం పోయాడు. వానలో తడిసొచ్చినప్పటినుంచీ జ్వరమే."

స్కోవియా చేయి మీట మీదే ఆగిపోయింది.

"ఆయన ఏదో పేరు చూడాలని తిరిగేవాడు."

"లమారో అయ్యుంటుంది. కూతురు. ఒక్కతే. తిరుగుబాటుదారులు ఎత్తుకుపోయారు, దానికి ఎనిమిదేళ్ళప్పుడు. ఇల్లు కాల్చేశారు. ఫొటో కూడా లేదు. మీ పుస్తకంలో ఆ పేరొక్కటే మిగిలింది."

స్కోవియా లేచి బీరువా తెరిచింది. పుస్తకం తీసి ఆ పేరు పట్టుకోడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

వరస చూడకుండా ఆ పేజీని అద్దం మీద పెట్టింది.

తెర మీద పేజీ పైనుంచి కిందికి నెమ్మదిగా తేలింది. గుండ్రటి, ఓపికైన అక్షరాలు. లమారో, ఒబ్వోనా కూతురు. అట్టడుగున రిజిస్టరు రాసిన గుమాస్తా సంతకం. అదీ ఒబ్వోనాయే.

"రాసింది కూడా ఆయనేనా?" అంది స్కోవియా.

ఆవిడ వీపు మీది బిడ్డని సర్దుకుంది.

"ఆయనే. ఈ ఆఫీసుకి నిప్పు పెట్టిన రోజు పదకొండు పుస్తకాలూ సైకిలుకి కట్టుకుని అడవిలో దాచడానికి పోయాడు, ఆ పూటే వాళ్ళు ఇంటి మీద పడి పిల్లనెత్తుకుపోయారు."