ఆఫీసు పనికే

“ఆటలు అనే మాట నీ నోట్లోనుంచి రాకూడదు. అంతా ఆఫీసు పనే. తెలిసిందా?”

సుమిత్రమ్మ బయట స్కూటీకి స్టాండు వేసేలోగా ఆమె భర్త వెంకటరాముడు, కంప్యూటర్ల షాపు ముఖేష్ చెవిలో ఈ ముక్క వేసేశాడు. ముఖేష్ ఏదో చెప్పబోయి, లోపలికి వస్తున్న ఆమెను చూసి తల ఊపి ఊరుకున్నాడు.

వెంకటరాముడికి కదిరి బజారులో ఇంటి కిందే బోరు మోటార్లు, డ్రిప్ పైపులు అమ్మే దుకాణం ఉంది. కానీ ఆయన నోరు దుకాణానికి పనికొచ్చే నోరు కాదు. మోటారు కోసం వచ్చిన రైతును కూర్చోబెట్టి, ఏ ఊరు, ఎంత లోతు వేయించావు, ఎన్ని నీళ్లు పడ్డాయి అని ఆరా తీసి, ఎండాకాలానికల్లా ఆ బోరు పని అయిపోయినట్టేనని తేల్చి పంపేవాడు. మొన్న నల్లమాడ నుంచి వచ్చిన నల్లప్పనైతే, “నీ చేన్లో నీళ్లు యాడుండాయప్పా? ఈ మోటరు తీసుకుపోయి గాలి తోడుకుంటావా?” అని అడిగేశాడు. నల్లప్ప లేచి పక్క వీధిలో మోటారు కొని, దాన్ని ఆటోలో పెట్టుకుని కావాలనే ఈ దుకాణం ముందునుంచి పోయాడు. లోపల పైపుల చుట్టలు సర్దుతున్న సుమిత్రమ్మ అంతా చూసింది.

ఆయన మనసు దుకాణంలో ఉంటే కదా. ఫోనులో వ్యవసాయం ఆట ఒకటి దొరికింది. ట్రాక్టరుతో దున్నాలి, విత్తాలి, పంట కోయాలి. అన్నిటికంటే గొప్ప సంగతి, ఆ ఆటలో వానలు వేళకు పడతాయి. అంత పచ్చదనాన్ని అరచేతిలో చూసి చూసి ఆయనకు కళ్లు లాగేవి. పెద్ద తెర కావాలి. ఆ మాట ఉన్నదున్నట్టు చెబితే, తలకు రంగు వేసుకునే వయసులో ఇదేం ఆట అని సుమిత్రమ్మ అడుగుతుంది. అందుకని జీఎస్టీ బిల్లులు, స్టాకు, కంపెనీలకు ఆర్డర్లు అన్నీ ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని చేసుకోవడం గురించి పెద్ద ఉపన్యాసం తయారు చేసుకున్నాడు. సగం చెప్పేసరికే ఆమె సరేనంది. కష్టపడి కూర్చుకున్న మిగతా సగం వృథా అయింది.

ముఖేష్ నేరుగా పోయి షాపులోకెల్లా పెద్ద కంప్యూటరు మీద కప్పిన గుడ్డ తీశాడు. ఆల్-ఇన్-వన్. తెర వెనకే యంత్రమంతా అమరి ఉంది. కింద డబ్బా లేదు, వైర్ల చిక్కు లేదు. వెంకటరాముడికి నోట్లో నీళ్లూరాయి. అయినా అనుమానం రాకూడదని, పక్కనున్న చిన్నది చూపించి తమకు అది చాలదా అని అడిగాడు.

“చిన్నదాంట్లో గ్రాఫిక్స్ కార్డు వేరేగా లేదన్నా. ఇట్లాంటివి రేపు విప్పి పెంచుకుందామంటే కుదరదు. కావాల్సిందేదో ఇప్పుడే చూసుకోవాల” అన్నాడు ముఖేష్.

“ఆ కార్డు ఎందుకు?” అని అడిగింది సుమిత్రమ్మ.

పెద్ద ఆటలు ఆగకుండా ఆడాలంటే ఆ కార్డే కావాలని వెంకటరాముడు ఎట్లా చెబుతాడు? “బిల్లుల్లో గ్రాఫులుంటాయి కదా సుమిత్రా. అవి గబగబా గీస్తాది.”

ముఖేష్‌కు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. సుమిత్రమ్మ మాత్రం గంభీరంగా తల ఊపింది. “గ్రాఫులు లేకుంటే ఎట్లా? పెద్దదే తీసుకోండి.”

అంతటితో ఆగలేదు. నడుము పట్టేయకుండా మంచి కుర్చీ ఒకటి, పని చేసుకునే మనిషికి వీధి గోల వినబడకుండా చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్లు కూడా ఆమే ఏరింది. ఇంత అమాయకురాలిని మోసం చేస్తున్నానే అని వెంకటరాముడికి ఒక్క క్షణం జాలేసింది. అట్టపెట్టె ఆటో ఎక్కేసరికి ఆ జాలీ పోయింది.

మేడ మీద గది ఆఫీసయింది. పొద్దున్నే కాఫీ ఇచ్చి, తలుపు దగ్గరికి వేసి, ఆయన పనిలో ఉన్నాడు పిలవొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పి సుమిత్రమ్మ కింద దుకాణంలోకి దిగేది. పైన వెంకటరాముడు ఎకరాలకు ఎకరాలు వేరుశనగ పండించాడు. చెరువులు తవ్వించాడు. ఒకసారి వరదకు పంట కొట్టుకుపోతే, జన్మలో చూడని ఆ నష్టానికి మురిసిపోయాడు.

కింద దుకాణం కూడా పచ్చబడింది. ఒకరోజు ఆయన భోజనానికి దిగి దుకాణంలోకి తొంగిచూస్తే నిలబడడానికి చోటు లేదు. నల్లప్ప డ్రిప్ పైపుల కోసం వచ్చి టీ తాగుతున్నాడు. సుమిత్రమ్మ ఎవరినీ నీళ్ల సంగతి అడగడం లేదు, చేను ఎంత అని మాత్రమే అడుగుతోంది. వ్యాపారాన్ని ఆఫీసు పద్ధతిలో పెట్టాక లక్ష్మి నడిచి వచ్చిందని వెంకటరాముడు బజారంతా చెప్పుకున్నాడు.

వాడకానికి మౌసు అరిగిపోయింది. కొత్తది కొనడానికి ముఖేష్ దగ్గరికి పోయిన వెంకటరాముడు, ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న గొప్ప ఇక దాచుకోలేకపోయాడు.

“ఆఫీసు పనే అని ఎంత బాగా నమ్మించినానో చూస్తివి కదప్పా. గ్రాఫిక్స్ కార్డంటే ఆయమ్మకు ఏం తెలుస్తాది? పాపం, నిజం తెలిస్తే ఎంత బాధపడుతుందో.”

మౌసు ప్యాకెట్టు విప్పుతున్న ముఖేష్ చేతులు ఆగాయి.

“ఆటలు బాగా ఆడేదే ఇమ్మని వదిన మీరొచ్చే ముందురోజే ఫోన్ చేసిందన్నా.”