దాహమన్న పీపా

గాజువాక గోదాములో ఇప్పుడు రసాయనాల పీపాలన్నీ మాట్లాడతాయి. తమ గురించి జాగ్రత్తలు తామే చెప్పుకుంటాయి. వాటికి మాటలు రాసే ఉద్యోగం కృపారాణిది. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తనే.

ఆ ఉదయం ఓడకెక్కాల్సిన ఆమ్లం పీపా, ఆమె రాసిచ్చినట్టే, "నేను దాహక ద్రవాన్ని" అంది.

లారీకెత్తడానికొచ్చిన సన్యాసమ్మ అయ్యో పాపం అనుకుంటూ బకెట్టుతో నీళ్లు తెచ్చి, పీపా మూత తిప్పబోయింది. కృపారాణి పరుగున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పొయ్యకు అత్తా! నీళ్లు పడితే మొహాన చిమ్ముతుంది!"

"దాహమని అదే సెప్తంది కదేటే! నిన్న ఇంకో పీపా ఎండంటే నీడకి జరపలేదేటి?"

"దాహక అంటే దాహం కాదత్తా, కాల్చేదని!"

"మరలాగే రాయొచ్చు కదే! సదువుకుని మన మాట మర్సిపోయావేటి?"

కృపారాణికి నవ్వొచ్చింది. అక్కడే నిలబడి ఫోన్‌లో పీపా మాటలు మార్చేసింది. పీపా మళ్లీ నోరు విప్పింది.

"ఒలమ్మా, నన్ను ముట్టుకుంటే ఒల్లు కాల్తాది. నీల్లు పొయ్యకు, మూత తియ్యకు."

సన్యాసమ్మ రెండు చేతులకూ తొడుగులు వేసుకుంది. "అలగేలే, నువ్వూ కుదురుగుండు" అని పీపాకే బుద్ధి చెప్పి, బండి మీద లారీ దాకా తోసుకెళ్లింది.