కంబళి పేలికలు

దేవుడు సోమరిపోతుల పక్షమా అన్న అనుమానం పెద్దాయనకి ఏళ్ళ తరబడి ఉంది. పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ కూడా అదే అడిగేవాడు.

కంచెకి ఈవల ఆయన ద్రాక్షతోట. ఆకు విచ్చుకోగానే మందు కొట్టించేవాడు. అయినా ఎండలు ముదిరేసరికి ఎర్రనల్లి అనే ఆకురసం పీల్చే పురుగు పట్టి, ఆకు తుప్పు రంగుకి తిరిగేది. కాయకి తీపి ఎక్కేది కాదు.

కంచెకి ఆవల తమ్ముడి తోట. మొక్కలు కొనే దిక్కులేక, అన్న కత్తిరించి పారేసిన కొమ్మల్ని అడుక్కుని వేసుకున్న తోట. మందు డబ్బా మొహమే ఎరగదు. వసారాలో కాళ్ళు జాపుకుని కూర్చుంటాడు మహారాజు. ఆకు మాత్రం నవనవలాడుతూ ఉంటుంది.

"అది తోటా? అడవి" అని పెద్దాయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. తమ్ముడు ఎదురుపడితే ఉమ్మేసి పక్కకి తిరిగేవాడు.

ఈసారి కాయలు కొనే షావుకారు తేల్చి చెప్పేశాడు, ఆకు మళ్ళీ మాడితే తన బండి ఈ గేటు తొక్కదని.

చలి తగ్గుతుండగా కొమ్మలు కత్తిరించడానికి వెళ్ళిన పెద్దాయనకి, తన తీగల మొదళ్ళకి చుట్టిన కంబళి పేలికలు కనిపించాయి. ఒకటి విప్పి భూతద్దం పెట్టి చూశాడు. నల్లులు. బిలబిలమని పరుగులు.

ఏళ్ళనాటి అనుమానం తీరిపోయింది. వాడి తోటలో పురుగుని పోగేసి, తెచ్చి తన తోటలో వదులుతున్నాడన్నమాట.

పేలికలన్నీ బకెట్లో కుక్కి, అగ్గిపెట్టె జేబులో వేసుకుని తమ్ముడి వసారా ఎక్కాడు.

"ఇదా వెధవా నీ వ్యవసాయం?"

తమ్ముడు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పేలికల్లో ఉన్న ఈ నల్లులు వేరే జాతివట, ఆకుని ముట్టవట. ఎర్రనల్లినే పట్టి తింటాయట. ఎండలకి అది పెరిగేకొద్దీ ఇవీ పెరిగి దాన్ని అణిచేస్తాయట. చలికాలం వెచ్చగా ఉంటుందని పేలికల్లో దూరతాయట. మందు కొడితే ముందు చచ్చేవి ఇవేనట.

పెద్దాయన పగలబడి నవ్వాడు.

"మొక్కలు కొనలేనివాడివి, నల్లుల్ని ఏ కొట్లో కొన్నావురా?" అంటూ అగ్గిపుల్ల గీశాడు.

"కొనలేదన్నయ్యా, నువ్వింకా మందు కొట్టడం మొదలెట్టని రోజుల్లో నా మొహాన పారేశావే, ఆ కొమ్మల బెరడు కింద దాక్కుని వచ్చాయి, ఇన్నాళ్ళకి నీవి నీకు తిరిగిచ్చేస్తున్నా."